అర మిల్లీమీటరు

కారు కనబడకముందే వచ్చింది ఎవరో రిన్‌స్కెకి తెలిసిపోయింది. తన షెడ్డు ముందున్న కంకర మీద బండిని అంత దురుసుగా తిప్పేవాడు ఫ్రీస్‌లాండ్ జిల్లా మొత్తంలో హెస్సెల్ ఒక్కడే. పదిహేడేళ్లు ఆమెకు మొగుడిగా ఉన్నాడు, మూడేళ్ల కిందట విడిపోయాడు. విడాకులప్పుడు ఇల్లు ఎవరిదో తేలింది, కుక్క ఎవరిదో తేలింది, సెలవులకి కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఆ కారవాన్ సంగతి మాత్రం తేలలేదు. విసిగిపోయిన లాయర్లు ఒక ఏడు అతనికి, ఒక ఏడు ఆమెకి అని రాసి పడేశారు. ఊళ్లోవాళ్ల కారవాన్లు చలికాలమంతా దాచిపెట్టి, వసంతంలో బాగుచేసి ఇవ్వడమే రిన్‌స్కె బతుకుతెరువు కాబట్టి అదీ ఆమె షెడ్డులోనే ఉండేది.

ఈ ఏడు అతని వంతు.

హెస్సెల్ దిగాడు. కొత్త పెళ్లాం మార్లూస్ దిగకుండా కిటికీ అద్దం మాత్రం దించింది.

"బయటికి తీసి పెట్టమన్నానుగా," అన్నాడు.

"పెట్టాను. కళ్లుంటే కనబడుతుంది."

"టైర్లలో గాలి?"

"కొట్టాను. బ్రేకులు చూశాను. నా పని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

అతను కారును వెనక్కి నడిపి కారవాన్ ముక్కు దగ్గర ఆపాడు. చేతిలో కాఫీ గ్లాసుతో చూస్తున్న రిన్‌స్కె కళ్లు కారు వెనక, కారవాన్‌ని తగిలించే ఇనప గుండు మీద పడ్డాయి. దానికి దట్టంగా గ్రీజు పూసి ఉంది. ఆ గుండు మీద కూర్చునే కారవాన్ కొక్కెం, కప్లింగ్, దాని లోపల బిళ్లలుంటాయి. అవి గుండుని రెండు వైపులా గట్టిగా ఒరుసుకుని పట్టుకుంటేనే బండి గాలికి ఊగకుండా ఉంటుంది. జిడ్డు తగిలితే ఆ పట్టు పోతుంది. ఈ సంగతి అతనికి ఆమె కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది. గ్రీజు పలచగా ఉన్న చోట, గుండుకి ముందువైపు, ఇనుము అద్దంలా మెరుస్తోంది. అరిగింది.

ఆమె కాఫీ ఒక గుక్క తాగింది.

తనని ఎవరూ అడగలేదు. కారు అతనిది, గుండు అతనిది. దారిలో వచ్చే ముప్ఫై రెండు కిలోమీటర్ల సముద్రపు కట్ట మీద, పడమటి గాలిలో, కారవాన్ తోక ఊపుతుంటే హెస్సెల్ ముఖం ఎలా పాలిపోతుందో ఒక్క క్షణం ఊహించుకుంది. ఆ ఊహ ఆమెకు నచ్చింది. అంతలోనే వాళ్ల వెనక వచ్చే కారు గుర్తొచ్చింది. అందులో ఎవరుంటారో, వాళ్లు చేసిన పాపమేమిటో. ఈ మనిషిని కాపాడే పని మళ్లీ తన నెత్తినే పడిందని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"అది తగిలించకు," అంది.

హెస్సెల్ అప్పటికే తగిలించేశాడు. కప్లింగ్ పిడిని కిందకు నొక్కి నడుం మీద చేతులేసుకున్నాడు. "ఏం? ఇప్పుడేం కనిపెట్టావు?"

"ఆ గుండు అరిగింది. పైగా గ్రీజు పూశావు."

"ఇరవై ఏళ్ల నుంచీ లాగుతున్నాను."

"నువ్వు లాగావు. ప్రతిసారీ చూసింది నేను."

"మొదలుపెట్టింది," అన్నాడతను కారు వైపు తిరిగి. "చెప్పానా లేదా? ఏదో ఒక వంక పెట్టి బండి ఇవ్వదని."

రిన్‌స్కె గ్లాసు కింద పెట్టి కారవాన్ ముక్కు కింద ఉన్న చిన్న చక్రం పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. తిప్పేకొద్దీ కారవాన్ ముక్కు పైకి లేస్తుంది. కప్లింగ్ సరిగ్గా పట్టుకుని ఉంటే దాంతోపాటు కారు వెనక భాగమూ లేవాలి. లేచింది. నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. అప్పుడు టక్కుమంది. కప్లింగ్ గుండు మీంచి ఊడి పైకి వచ్చేసింది, కారు దభాలున కూలబడింది. లోపల మార్లూస్ ఒడిలోని బిస్కెట్లు చెల్లాచెదురయ్యాయి.

హెస్సెల్ చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వే పాడు చేశావు. చలికాలమంతా నీ దగ్గరే ఉంది కప్లింగ్."

ఆమె లోపలికెళ్లి మందం కొలిచే వెర్నియర్ తెచ్చింది. గుండుని గుడ్డతో తుడిచి కొలిచి, అంకె అతని ముక్కు కింద పెట్టింది. "నలభై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. కొత్తది యాభై ఉంటుంది. నలభై తొమ్మిదికి దిగిందంటే పారేయడమే. ఇంకా దిగింది. కప్లింగ్‌కి ఏ జబ్బూ లేదు. నా కారుకి తగిలించి చూపించమంటావా?"

"అర మిల్లీమీటరుకి ఇంత రాద్ధాంతం. మెల్లగా పోతాను, జరుగు."

ఆమె జరగలేదు. గోడకున్న తాళం తెచ్చి కప్లింగ్‌లోకి దూర్చి, తాళంచెవి జేబులో వేసుకుంది.

"అది దొంగతనం," అన్నాడు హెస్సెల్. "పోలీసుని పిలుస్తా."

"పిలువు. నంబరు లేకపోతే నేనిస్తా."

నిజంగానే పిలిచాడు. పావుగంటలో ఊరి పోలీసు వీబ్రెన్ సైకిల్ మీద వచ్చాడు. ఇద్దరినీ బడి రోజుల నుంచీ ఎరిగినవాడు. హెస్సెల్ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు, వెర్నియర్ తీసుకుని తనూ కొలిచాడు.

"తాళం వేసే హక్కు ఈమెకుందా లేదా, అది మీ లాయర్లని అడగండి," అన్నాడు. "కానీ హెస్సెల్, ఈ గుండుతో గేటు దాటావంటే నిన్ను ఆపేది నేనే."

అప్పుడు మార్లూస్ కారు దిగింది. బిస్కెట్ పొడి దులుపుకుంటూ మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఈ కారుతో మన పడవ లాగినప్పుడల్లా వెనక టకటకమంటోందని చెప్పానా?"

"రోడ్డు బాగాలేదు."

"ప్రతి రోడ్డూ బాగాలేదా? మా అమ్మ కూడా ఉంది ఆ రోజు కార్లో."

హెస్సెల్ షెడ్డు పక్కనున్న కాలవ గట్టు దాకా నడిచివెళ్లి, వీళ్లకు వీపు తిప్పి నిలబడ్డాడు.

రిన్‌స్కె అలమరలో రెండు బోల్టులతో బిగించే కొత్త గుండు ఒకటుంది. లేదని చెప్పొచ్చు. పండగ సెలవులు, మంగళవారం దాకా కొట్లు తెరవరు. ఆమె దాన్ని తెచ్చి మార్లూస్ కాళ్ల దగ్గర పెట్టింది.

"వంగు. నువ్వే బిగించు."

"నాకు రాదు."

"రాదు కాబట్టే. నీ మీద ప్రేమ పొంగి కాదు నేర్పేది. ఆయన చూడడు, నువ్వు చూసుకోవాలి."

"మీ ప్రేమ నాకేం అక్కర్లేదు," అంది మార్లూస్, మోకాళ్ల మీద కూర్చుంటూ.

గంట పట్టింది. రిన్‌స్కె ఒక్క మెచ్చుకోలు మాట కూడా అనలేదు. బోల్టు వంకరగా పెడితే తీయించింది. బిగింపు కొలిచే పానా క్లిక్కుమనేదాకా వదలనివ్వలేదు. తాళం తీసి, కప్లింగ్ లోపలి జిడ్డు కడిగించి, బిళ్లల్ని గరుకు కాగితంతో రుద్దించింది. బండి విడిపోతే బ్రేకు పడేట్టు లాగే సన్నటి తీగని గుండు మెడకు ఊరికే చుట్టబోతే చేయి పక్కకు నెట్టింది.

"అలా చుడితే జారిపోతుంది. పక్కనున్న కంతలోంచి తీయి."

"మామూలుగా చెప్పొచ్చుగా."

"మామూలుగా పదిహేడేళ్లు చెప్పాను. ఎవరూ వినలేదు."

చివరికి మార్లూసే కప్లింగ్ తగిలించి, చిన్న చక్రం పిడి తిప్పింది. కారు వెనక భాగం లేచింది. ఇంకా తిప్పింది. ఊడలేదు.

హెస్సెల్ తిరిగొచ్చి కారెక్కాడు. గేటు దగ్గర అద్దం దించి, "ఉత్తరం వస్తుంది, చూసుకో," అన్నాడు.

జూన్‌లో అతని లాయరు ఉత్తరం వచ్చింది. హక్కుదారుణ్ణి అడ్డగించినందుకు ఇకపై కారవాన్‌ని వేరే చోట దాస్తారట. రిన్‌స్కె దాన్ని నిలబడే చదివింది. బల్ల దగ్గర కూర్చుని, తన వంతు సంవత్సరాలు కూడా వదులుకుంటున్నాననీ, బండి మొత్తం అతనే ఉంచుకోవచ్చనీ కింద రాసి సంతకం చేసింది. కలం కాగితంలో దిగేంత గట్టిగా నొక్కి రాసింది. ఎవరి మీద కోపమో ఆమెకే సరిగ్గా తెలియలేదు. పోస్టులో వేసి వచ్చి, ఖాళీ అయిన చోటు ఊడ్చి, కిటికీకి "ఒక బండికి చోటుంది" అని రాసిన అట్టముక్క కట్టింది.