ట్రే లేని టీవీ

సాయంత్రం ఆరున్నరకి క్లినిక్ నుంచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, సంచి మేకుకి తగిలించి, గుక్కెడు మంచినీళ్ళయినా తాగకముందే నర్సు చేసే మొదటి పని టీవీ కింద బకెట్ మార్చడం. పగలంతా అత్తగారు చూసిన సీరియళ్ళ కన్నీళ్ళు అందులో సగానికి చేరి ఉంటాయి. ఉత్త కన్నీళ్ళయితే ఉప్పునీళ్ళే కదా అని పారబోయొచ్చు. ఆ సీరియళ్ళలో ఏడ్చేవాళ్ళు కన్నీళ్ళతో సరిపెట్టరు, ముక్కులు కూడా చీదుతారు. అది బకెట్ అంచుని పట్టుకుని సాగుతుంది. దాన్ని చూడకుండా పారబోయాలని ఆమె పదకొండేళ్ళుగా ప్రయత్నిస్తూనే ఉంది, ఒక్కరోజూ కుదరలేదు.

టీవీలన్నాక కారతాయి. ఎవరింట్లో టీవీ అయినా అంతే. వంటలు చూస్తే నూనె, ఆటలు చూస్తే చెమట, ప్రకటనలొస్తే షాంపూ నురగ. పక్కింటావిడ ఆ నురగని గిన్నెలో పట్టి బట్టలకి వాడుతుంది, అంత పొదుపు మనిషి. అన్నిటికంటే రోతయినది ఏడింటికి వచ్చే చర్చ. నలుగురు మగవాళ్ళు బల్ల చుట్టూ చేరి ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. ఒకరి మాట ఒకరి చెవికెక్కదు గానీ, అందరి తుంపర్లూ కలిసి తెర మీదుగా జారి, గోడకి చారలు పెట్టి, నేల మీద మడుగు కడతాయి. నర్సు మొగుడికి ఆ చర్చ లేనిదే ముద్ద దిగదు. "ఉతికి ఆరేశాడు చూశావా!" అని తొడ చరుచుకుంటాడు. ఆమె మాత్రం మోకాళ్ళ మీద వంగి ఆ ఉతికినవాడిదీ ఉతికించుకున్నవాడిదీ కలిపి తుడుస్తుంటుంది.

పనిచేసేదేమో పళ్ళ డాక్టరు దగ్గర. పొద్దుటినుంచీ ఊరందరి ఉమ్ముతోనే ఆమె బతుకు. అయితే అక్కడ పీల్చేసే గొట్టం ఉంది, చేతులకి తొడుగులున్నాయి, మూతికి మాస్కుంది, చేసినందుకు జీతం ఉంది. ఇంట్లో ఉన్నది ఒక పాత తువ్వాలు.

ఆ శనివారం డాక్టరమ్మ ఆమెని లోపలికి పిలిచి కూర్చోమంది. స్టేషన్ దగ్గర సోమవారమే కొత్త క్లినిక్ తెరుస్తున్నారట. అక్కడి నర్సులందరి మీదా ఈమెని పెద్ద నర్సుగా పెడతారట. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఎనిమిది దాకా పని. "సోమవారానికి నీ మాట చెప్పు, నువ్వు కాదంటేనే ఇంకొకరిని చూస్తాను" అంది. ఇన్నేళ్ళ చాకిరీలో ఆమెని ఒకరు కూర్చోబెట్టి, నీ మాటేమిటని అడగడం అదే మొదలు. ఇల్లు చేరేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొగుడికి చెబితే తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఎనిమిదింటి దాకానా? మరి చర్చ టైముకి తుడిచేదెవరు?"

"ఆ గంటా మీరు తుడవకూడదా?"

"నేనా? నాకు డోకొస్తుంది. నీకైతే అలవాటు." అంతటితో ఆ సంగతి తేలిపోయినట్టే చెయ్యి కడుక్కుని లేచాడు. "అన్నట్టు, రేపు టీవీ కొందాం. హై డెఫినిషన్‌ది. అందరిళ్ళలో అదే ఉంది."

"కొనరా నాన్నా," అంది అత్తగారు. "దీంట్లో వాళ్ళు పెట్టుకున్నవి ముత్యాలో పగడాలో తెలిసి చావడం లేదు."

ఆ ఆదివారం నర్సు కూడా తల్లీకొడుకుల వెంట బయల్దేరిందంటే టీవీ మీద మోజుండి కాదు. ఎలాగోలా ఒప్పించి చిన్నది, బొమ్మ మసకగా ఉండేది కొనిపిస్తే, కారేది తగ్గుతుంది. అప్పుడు ఎనిమిదిన్నరకి వచ్చి తుడిచినా సరిపోతుంది. కొత్త క్లినిక్ దక్కుతుంది. దారి పొడుగునా ఆమె మనసులో ఇదే లెక్క.

దుకాణంలో నేలని వాలుగా కట్టి, గోడ వెంట మోరీ తీశారు. మెడకి టై, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకున్న సేల్స్‌మన్ చప్ చప్‌మంటూ ఎదురొచ్చాడు.

"తక్కువ కారేది చూపించు బాబూ," అంది నర్సు, మొగుడు నోరు తెరిచేలోగా.

సేల్స్‌మన్ మూలనున్న బుల్లి టీవీ చూపించాడు. దాని కింద ఒక చుక్క పడనా వద్దా అని ఆలోచిస్తోంది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"దీన్లో మనిషికి ముక్కుందో లేదో కూడా తెలియట్లేదు," అని మొగుడు గోడంత టీవీ దగ్గరికి నడిచాడు. "ఆహా! ఇదీ బొమ్మంటే!"

దాన్లో చర్చ నడుస్తోంది. అరుస్తున్నవాడి నోరు దుకాణం గుమ్మమంత ఉంది. పాచి పట్టిన పళ్ళు, ఉబ్బిన చిగుళ్ళు, పై వరసలో పుచ్చిన పన్ను, దాని సందులో ఇరుక్కున్న తిండి, అన్నీ అరచేతిలో ఉన్నంత దగ్గరగా కనిపించాయి. ఉమ్ము నీళ్ళలా కాదు, చిక్కగా, పసుపుపచ్చగా, ఆ తిండి నలకలతో సహా జారుతోంది.

"బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే సరుకు అంత చిక్కగా వస్తుంది సార్," అన్నాడు సేల్స్‌మన్ గొప్పగా.

మొగుడు చూపుడువేలు చాపి కాస్త అందుకుని, బొటనవేలితో రాసి చూశాడు. "క్లారిటీ అంటే ఇది!" అన్నాడు. పక్క టీవీలో ఎవతో ఏడుస్తుంటే అత్తగారు ఒక చుక్క వేలికి అంటించుకుని నాలిక్కి రాసుకుంది. "నిజం ఏడుపేరా," అని తలూపింది.

"దీనికి కింద ట్రే వస్తుంది సార్. పైపు మీ మోరీలోకి వదిలేస్తాం. అదనంగా ఏమీ తీసుకోం. కాకపోతే బిగించేటప్పుడే పెట్టించుకోవాలి, తర్వాత కుదరదు."

"ట్రే వేలాడుతుంటే టీవీకి అందమేముంటుందయ్యా? వద్దు. తుడవడానికి మా ఆవిడ ఉందిగా."

నవ్వుతూనే అన్నాడు. ఆ మాట అంటూ కొత్త టీవీ అంచుని ముద్దుగా నిమిరాడు కూడా. నర్సుకి రోత పుట్టింది. తెర మీద వాడి నోరు చూసి కాదు, తన మొగుడి నోరు చూసి. పదకొండేళ్ళుగా దాన్ని ఇంత దగ్గర నుంచి చూడలేదు.

"మేడమ్, ట్రే లేకపోతే రోజుకి నాలుగైదు బకెట్లు..." అని సేల్స్‌మన్ నసిగాడు.

"ఇదే ఇవ్వు," అంది నర్సు. "ట్రే వద్దు."

"చూశావా, నీక్కూడా నచ్చింది!" అని మొగుడు పొంగిపోయాడు.

సోమవారం పొద్దున మనుషులొచ్చి టీవీ గోడకి బిగించి వెళ్ళారు. నర్సు ఇల్లు సర్ది, పన్నెండింటికి కొత్త క్లినిక్‌కి పోయి, డాక్టరమ్మకి సరేనంది. డాక్టరమ్మ అప్పటికప్పుడే అలమర తాళాలు చేతికిచ్చింది. ఎనిమిదింటిదాకా పని చేసి ఆమె తిరిగొచ్చేసరికి, ఇంటి తలుపు సందులోంచి జిగురుగా ఏదో మెట్టు దిగుతోంది.

లోపల టీవీ ఆపేసి ఉంది. అత్తగారు భోజనాల బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మొగుడు ముక్కుకి రుమాలు కట్టుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తువ్వాలుతో నేల మీద పాకుతున్నాడు. గోడ పక్కన నిండిన బకెట్లు నాలుగున్నాయి. ఒక మూల అతను కక్కుకున్నది కూడా ఉంది.

"ఇంతసేపు ఏమైపోయావే తల్లీ! వాడు చచ్చిపోతున్నాడు," అంది అత్తగారు.

"ఉద్యోగంలో ఉన్నాను అత్తయ్యా," అని నర్సు తడవని చోటు చూసుకుని కుర్చీలో కూర్చుంది.

మొగుడు రుమాలు కిందికి లాగాడు. మొహం పాలిపోయి ఉంది.

"సోఫా కిందికి పోయింది. చేత్తో తీయాల్సొచ్చింది," అన్నాడు. "మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను. వాసన పోవట్లేదు."

"పోదు," అంది ఆమె. "నాకింకా పోలేదు."

అతను ఆమె చేతుల వంక చూశాడు. తువ్వాలు బకెట్లో పిండాడు.

"రేపెన్నింటికొస్తావు?" అని అడిగాడు.

"ఎనిమిదిన్నరకి. ఇక రోజూ అంతే."

అతను తలూపి, నేల తుడుచుకుంటూ ఆమె కుర్చీ దాకా వచ్చి ఆగాడు. నర్సు రెండు కాళ్ళూ పైకెత్తి కూర్చుంది.