మేజర్ గారి పైకప్పు

నర్సింగం ఏ ఇంటికి పోయినా మొదట మనుషుల ముఖాలు చూడడు, పైకప్పు చూస్తాడు. ముప్పై మూడేళ్లు బొగ్గుగనిలో పనిచేసి, సర్దారుగా రిటైరైనవాడు. షిఫ్టు మొదలు కాకముందే కర్రతో పైబండను తట్టి, చెవి ఒగ్గి, ఖంగుమంటే మనుషులను లోపలికి పంపేవాడు. బొదబొదమంటే వెనక్కి రప్పించేవాడు. కర్రను గని దగ్గరే వదిలి వచ్చాడు గాని, ఆ చూపును వదలలేకపోయాడు. మేనకోడలికి సంబంధం చూడబోయి, పిల్లవాడిని వదిలి వాళ్ల స్లాబును చూసి వచ్చిన ఘనుడు.

అట్టి నర్సింగం తన పాత తెల్ల కారును ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. బిడ్డ సహస్ర నాలుగు ఫొటోలు తీసి, ధర తొంభై ఐదు వేలని రాసింది. రాసిన గంటకే ఫోను.

“నమస్కారం సర్. మేజర్ వేణుమాధవ్‌ని. సరిహద్దులో డ్యూటీ. కారు నచ్చింది. మీరు చెప్పిన ధరే ఇస్తాను.”

“ఒక్కసారి వచ్చి చూడున్రి సారూ.”

“అవసరం లేదు సర్. మీ మీద నమ్మకం.”

నర్సింగం ఛాతీ ఉబ్బింది. అతని భార్య పోశవ్వ మాత్రం చేతిలోని బెండకాయను పక్కన పెట్టింది.

“పావుకిలో బెండకాయలకే నేను కొసలు ఇరిచి చూస్త. కారును చూడకుంటనే కొంటడా? వాడు మేజరా, మాయగాడా?”

“దేశానికి కావలి కాసేటోళ్లను గట్ల అనద్దే! నీకు అందరి మీద అనుమానమే.”

“నాకు అనుమానం, నీకు అభిమానం. ఇద్దరికీ ఖాతా ఒక్కటే, యాదికుంచుకో.”

ఆ మాట ఉత్తది కాదు. నెల కిందటే రిటైర్మెంటు పైసలన్నీ ఆ ఖాతాలో పడ్డాయి. ముప్పై మూడేళ్ల చెమట, నాలుగంకెల పిన్ వెనక పడుకొని ఉంది.

మరునాడు పొద్దున మేజరు వీడియో కాల్ చేశాడు. పోశవ్వ అంగడికి పోయింది, సహస్ర స్నానానికి పోయింది. మేజరు టోపీ పెట్టుకున్నాడు, మీసం తిప్పుకున్నాడు, వెనక గోడకు యుద్ధ ట్యాంకు బొమ్మ అతికించుకున్నాడు.

“వాట్సాప్‌లో ఒక క్యూఆర్ కోడ్ పంపాను సర్. దాన్ని తెరిచి పిన్ కొట్టండి. డబ్బు మీ ఖాతాలో పడుతుంది.”

కోడ్ తెరవగానే మేజరు ముఖం తెర మూలన చిన్న గడిలోకి ఒదిగింది. నర్సింగం కళ్లజోడు సవరించుకొని మొదటి అంకె కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడోదీ కొట్టాడు. నాలుగో అంకె మీదికి వేలు వంగుతుండగా, అలవాటు కొద్దీ చూపు మేజరు నెత్తి మీదికి పోయింది.

వేలు ఆగింది.

“సారూ, పైకి చూడున్రి! స్లాబు పగిలింది. ఆ మూల నుంచి ఈ మూల దాక!”

“అది సరే సర్, ముందు ఆ పిన్...”

“పిన్ ఏడికి పోతది! నెత్తి పోతె మళ్లొస్తదా? కర్రతోని ఒకసారి తట్టున్రి.”

“కర్ర లేదు సర్.”

“చీపిరన్న లేదా?”

కొంతసేపటికి సరిహద్దు రక్షకుడు పొడుగాటి చీపురు తెచ్చి, తిరగేసి, పైకప్పును తట్టాడు. నర్సింగం ఫోను చెవికి ఆనించుకొని కళ్లు మూసుకున్నాడు.

బొద.

“ఇంకోసారి. గోడ దిక్కు.”

బొద, బొద.

“డొల్ల! పూరా డొల్ల! కొడుకా, బయటికి ఉరుకు! లోపల ఇంకెవలన్న ఉంటే అందర్ని ఎల్లగొట్టు!”

ముప్పై మూడేళ్లు గనిలో మోగిన గొంతు అది. ఆ గొంతు విని ఆగినవాడు గనిలోనూ లేడు, ఈ గదిలోనూ లేడు. నర్సింగం ఫోనును చెవి నుంచి తీసి చూసేసరికి, చాటంత పెచ్చు ఊడి యుద్ధ ట్యాంకును చించుకుంటూ పడింది. టోపీ ఎగిరింది. మేజరు ఫోను దొర్లింది. దొర్లిన ఫోనులో గదంతా కనిపించింది: చాపల మీది నుంచి లేచి పరుగెత్తుతున్న ఐదుగురు, ఒక్కొక్కరి చెవికి ఒక్కొక్క ఫోను. వాళ్లలో ఒకడు “కల్నల్‌ని మాట్లాడుతున్నాను సర్” అంటూనే లుంగీ ఎగగట్టి గడప దూకాడు.

అప్పుడే తల తుడుచుకుంటూ వచ్చిన సహస్ర, తెర చూసి, ఫోను లాక్కొని, మూడంకెలనూ చెరిపేసింది.

“బాపూ! పైసలు వచ్చేదానికి పిన్ ఎందుకు? పిన్ కొడితె మన పైసలే పోతయ్. ఇగో, ఏం రాసున్నదో చదువు.”

నర్సింగం చదివాడు. తొంభై ఐదు వేలు చెల్లించండి అని ఉంది. కుర్చీలో కూలబడ్డాడు. కూలబడే ముందు కూడా పైకి ఒకసారి చూసుకున్నాడు.

సహస్ర తన ఫోనులో సైబర్ పోలీసుల 1930కి చేసి జరిగినది చెబుతుండగానే, నర్సింగం ఫోను మళ్లీ మోగింది. మేజరే. ఈసారి గొంతులో సరిహద్దూ లేదు, సర్ కూడా లేదు.

“కాకా, అందరం గల్లీల నిలబడ్డం. నువ్వు చెప్పకపోతె నా నెత్తి పలిగేదుండె. పక్క రూములనే మేం పండేది. గదిగూడ ఒకసారి చూస్తవా?”

నర్సింగానికి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ డొల్ల కప్పు కింద ఉన్నవాడు దొంగైనా, వాడిని ముందు బయటికి తీయడమే అతడు నేర్చిన పని.

“ఫోన్ల గంతా తెలుస్తదా కొడుకా? మంచి మేస్త్రిని పట్టాలె. మీది ఏ ఊరు, ఏ గల్లీ?”

వాడు చెప్పాడు. ఊరు చెప్పాడు, గల్లీ చెప్పాడు, ఇంటి నంబరు చెప్పాడు. రెండో అంతస్తనీ, మెట్ల పక్కన నీలం డ్రమ్ము ఉంటుందనీ కూడా చెప్పాడు. సహస్ర ఒక్కొక్క మాటనే అందుకొని తన ఫోనులో పోలీసులకు అప్పజెప్పింది.

“మేస్త్రి ఎప్పుడొస్తడు కాకా?”

నర్సింగం బిడ్డ వైపు చూశాడు. సహస్ర రెండు చేతుల వేళ్లూ విప్పి చూపింది.

“పది నిమిషాలల్ల. ఒక్కడు కాదు కొడుకా, మస్తు మంది వస్తున్నరు. అందాక మాత్రం ఎవ్వలు లోపటికి పోకున్రి.”