యముడి నడుం పట్టీ

నేను ఒక తోలు పట్టీని. చీరాల జట్కా స్టాండు పక్కన చెప్పులు కుట్టే బాలస్వామి చేతిలో పుట్టాను. జట్కా సైదులు తన గుర్రం పొట్ట చుట్టూ బిగించడానికి నన్ను చేయించాడు. ఆ గుర్రం ఉన్నన్నాళ్లూ నన్ను ఒకే బెజ్జంలో ఉంచింది. పండగలు వచ్చినా పబ్బాలు వచ్చినా దాని కొలత మారలేదు. మనుషులు కూడా అంతేననుకున్నాను.

ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక సైదులు నన్ను నాటకాల కోటిలింగానికి ఇచ్చేశాడు. ఆయనకు బట్టల కొట్టు ఉంది. పగలంతా పరుపు మీద కూర్చుని చీరలు చూపించడం, తిరునాళ్లలో యముడి వేషం కట్టడం ఆయన పనులు. నాకు బంగారు రంగు పూయించి, ఇత్తడి బిళ్ల కుట్టించి నడుముకు చుట్టుకున్నాడు. గుర్రానికి చేసిన పట్టీని ఆయనకు బొటాబొటిగా చాలాను.

ఆ పొట్టంటే ఆయనకు ప్రాణం. కాళ్లూ చేతులూ మామూలుగానే ఉండేవి. తిన్నదంతా నడుం దగ్గరే మకాం వేసింది. స్టేజీ మీదికి ముందు పొట్ట, వెనక యముడు వచ్చేవారు. ఈలలు పడేవి. ఏటా ఆయన భార్య రాజ్యలక్ష్మి మేకు కాల్చి నాకు కొత్త బెజ్జం పొడిచేది.

"ఇంక తోలు లేదయ్యా, చూసుకో," అనేది.

"లేకపోతే అతుకేయించు," అనేవాడు.

ఒక తిరునాళ్ల మధ్యాహ్నం గజ్జెలు చీలమండలకు పట్టలేదు. కాళ్లు వాచిపోయాయి. రాజ్యలక్ష్మి ఆయన్ని వేషంతోనే ఆటో ఎక్కించి డాక్టర్ మెహరున్నీసా దగ్గరికి తీసుకెళ్లింది. కిరీటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న యముణ్ని చూసి ఎదురు బల్ల మీది ముసలాయన లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ నన్ను విప్పించి, టేపుతో నడుం కొలిచింది. బీపీ చూసింది, రక్తం, మూత్రం పరీక్ష చేయించింది.

"మూత్రంలో ప్రోటీను పోతోందండి. కిడ్నీలు దెబ్బతింటున్నట్టున్నాయి. మూడు నెలలకు మళ్లీ చూస్తేగాని ఖాయంగా చెప్పలేను."

"నొప్పేం లేదు గదమ్మా," అన్నాడు కోటిలింగం.

"అదే చిక్కు. పొట్టలోపల చేరిన కొవ్వు ఊరికే ఉండదు. బీపీ, షుగరు పెంచి కిడ్నీల మీద భారం వేస్తుంది. మందులు వాడండి, ఉప్పు తగ్గించండి, నడవండి. మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొని మింగే మాత్రలు మానేయండి, అవీ కిడ్నీలకు చేటే."

"పొట్ట పోతే వేషం పోద్దమ్మా. నన్నెవరు యముడంటారు?"

"అసలాయనొచ్చి పిలిస్తే అప్పుడేమంటావు?" అంది రాజ్యలక్ష్మి. ఏ మాటకైనా పద్యం అందుకునే మనిషి ఆవేళ మందుల చీటీ కోసం చెయ్యి చాపాడు.

మూడు నెలల తర్వాత కూడా పరీక్ష ఫలితం మారలేదు. జబ్బు ఖాయమైంది. ఇంట్లో ఆవకాయ జాడీ అటకెక్కింది. కోటిలింగం తెల్లారగానే తిట్టుకుంటూ సముద్రం దాకా నడిచేవాడు. నేను ఒక్కో బెజ్జమే వెనక్కి వచ్చాను.

మరుసటి తిరునాళ్లకు పొట్ట తగ్గిందని సిగ్గుపడి, నా కింద దిండు కట్టుకుని స్టేజీ ఎక్కాడు. పాశం ఎత్తి గర్జించగానే దిండు జారి కాళ్ల మీద పడింది. జనం గొల్లుమన్నారు.

"ఏందయ్యా కోటిలింగం, యముడికి జబ్బు చేసిందా?" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

కోటిలింగం కిందికి వంగాడు. దిండు చేతిలోకి తీసుకున్నాడు. "చేసింది గనకే తగ్గించా నాయనా. నీ నడుమెంతో చెప్పు, నీ ఇంటికి ఎప్పుడు రావాలో లెక్క చూస్తా."

ఈలలు మోగాయి. పందిట్లో సగం మంది చొక్కాలు సర్దుకుని పొట్టలు లోపలికి పీల్చారు.

"కిడ్నీల్లో పోయింది తిరిగి రాదు గాని, ఉన్నది నిలబడింది," అంది డాక్టరమ్మ ఈమధ్య. ఇంటికి రాగానే రాజ్యలక్ష్మి కత్తెర తెచ్చి నాలో ఇక అక్కర్లేని తోలు కోసేసి, ఆయన చెప్పులకు పట్టీలు వేయించింది. నాలో ఒక ముక్క ఇప్పుడు ట్రంకు పెట్టెలో కిరీటం పక్కన సుఖంగా పడుకుని ఉంది. రెండో ముక్కకే తీరిక లేదు. పొద్దున్నే యముణ్ని మోసుకుంటూ ఇసకలో పరుగులు తీస్తోంది.