కాపరి కాళ్ల కింది మన్ను

ఇది తమ్ముడు డేవిడ్ చేతిపనేనని బొమ్మను చూడగానే ఆశీర్వాదానికి తెలిసిపోయింది. వేపచెక్కతో చెక్కిన గొర్రెల కాపరి ఒక పక్క పడి ఉన్నాడు, వాడు నిలబడాల్సిన పీట ఇంకో పక్క. పాదాల అడుగున గమ్ము గాజుపెంకులా బిగుసుకుపోయి ఉంది. పీట మీద నాయన పూసిన ఎర్రమన్ను జాడే లేదు, అంతా సిమెంటు.

పోయిన క్రిస్మస్‌కు తాను జ్వరంతో మంచం పట్టి ఉంటే, ధర్మవరంలో ఉద్యోగం చేసే డేవిడ్ వచ్చి చర్చి బొమ్మలు బాగుచేసి పోయాడు.

"పది నిమిషాల్లో అయిపోయిందని చెప్పుకున్న్యాడంట," అన్నాడు ఆశీర్వాదం. "చేను అమ్మేదానికీ వానికి అంతే పట్టింది."

"మళ్లా ఎత్తుకున్నావా," అంది భార్య ప్రేమలత చెనిక్కాయలు వలుస్తూ. "రేప్పొద్దున చర్చిలో క్రిస్మస్ పాకలో బొమ్మలు పెట్టల్ల. కాపరి లేకుంటే గొర్రెల్ని నువ్వు కాస్తావా? ముందు వాన్ని నిలబెట్టు."

అతను సూదిమొన ఉలితో గమ్ము గీకి, పీట మీది సిమెంటు పెచ్చులు లేపాడు. లోపల నాయన వేసిన బెజ్జం ఇంకా ఉంది. పాదంలో ఒక బెజ్జం, పీటలో ఒకటి, రెంటినీ కలుపుతూ అప్పట్లో వెదురు మేకు ఉండేది. మేకు కొత్తది చెక్కుకోవచ్చు. చింతగింజల జిగురు పొయ్యి మీద ఉడుకుతూనే ఉంది. కావలసింది మన్నొక్కటే.

ఆ మన్ను రొద్దం దారిలోని తమ చేనిదే కావాలని నాయన పట్టు. చిన్నప్పుడు తువ్వాలులో మూటగట్టి మోసుకొస్తూ ఆశీర్వాదం అడిగాడొకసారి.

"ఇంటి ముందర మన్ను పనికిరాదా నాయనా?"

"పరాయి చేన్లో నిలబడితే కాపరిని తరుముతారబ్బా. నన్ను తరమని ఊరుందా? వాడన్నా సొంత చేన్లో నిలబడనీ."

ఆ చేను కొన్నాక నాయన సేద్యంలో పడితే, మందను చూసుకోవడానికి ఆశీర్వాదం ఆరో తరగతిలో బడి మానేశాడు. డేవిడ్ చదువుకున్నాడు. ఆరేళ్ల కిందట అదే డేవిడ్, పంట లోను కాగితమని చెప్పి తన చేత సంతకం పెట్టించుకుని, చేనును హిందూపురం రియల్ ఎస్టేటు పార్టీకి అమ్మేశాడు. ఆనాటి నుంచి ఆశీర్వాదం ఆ దారి తొక్కలేదు.

ఇవాళ, ఆరేళ్ల తర్వాత, అటు మోపెడ్ తీశాడు.

చేనంతా రంగులేసిన రాళ్లు, చుట్టూ కంచె. గేటు దగ్గర కాపలా ఉన్న సుంకప్ప బీడీ దించాడు.

"ఏమప్పా, ప్లాటు చూసేకి వస్తివా?"

"పిడికెడు మన్ను కావల్ల."

"మన్నుకి గూడా ఓనర్ని అడగమంటారప్పా." సుంకప్ప అతని మొహంలోకి తేరిపార చూశాడు. "నువ్వు మందల యేసప్ప కొడుకువి గదా? మీ నాయన కోత అయినాక నా గొర్రెల్ని ఈ చేన్లోనే మేపుకోమనేవాడు. ఒక్కదినం తరమలే." గేటు తీసి, అటు తిరిగి నిలబడ్డాడు. "నేను చూడలే. తీసుకో పో."

కంది వేసిన మూలేదో, మంద తోలిన మూలేదో ఆశీర్వాదానికి గుర్తు చిక్కలేదు. అందిన చోటే గోళ్లతో గీరి తువ్వాలులో పోసుకున్నాడు.

సాయంత్రానికి పూత ఆరింది. వేలితో నెట్టి చూశాడు. కాపరి కదల్లేదు.

"నిలబడినాడే," అంది ప్రేమలత.

"ఊఁ," అన్నాడు.

కాపరి కాళ్ల కింద ఉన్నది పిడికెడు. పోయింది రెండెకరాల పదిహేడు సెంట్లు.