గుడ్డు దొర్లని బండి

ఫ్రిక్కీ టేపు పట్టుకుని మా ట్రూయీ కిటికీలు కొలుస్తున్నప్పుడు నేను లోపలే ఉన్నాను, ఉల్లిపాయలు తరుగుతూ. బయటి నుంచి అద్దం మీద వేలితో కొట్టి, ఈ కిటికీ గడియ సరిగ్గా పడుతుందా అని అడిగాడు. పడుతుందన్నాను. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. తన భార్య అప్పుడే కర్టెన్ల గుడ్డ కొనేసిందట, నీలం రంగు మీద తెల్ల చుక్కలు.

ట్రూయీ మా మోటార్‌హోమ్. ఒకప్పుడు ఊరూరా రొట్టెలు పంచిన వ్యాను. నా భర్త ఆపూల్స్ వుస్టర్ ఊరి బస్సు డిపోలో మెకానిక్. ఆ పాత వ్యాను కొని, రెండేళ్లు ఆదివారాలన్నీ దాని మీదే పెట్టి, మంచాలు, స్టవ్, ఫ్రిజ్, కూర్చునే బల్లలు రెండు, మధ్యలో టేబుల్ అమర్చాడు. ఇరవై ఏళ్లు ప్రతి ఆగస్టులోనూ మా బృందం పదకొండు బండ్లతో కలిసి నమక్వాలాండ్ ఎడారిలో పూసే అడవి పూలు చూడటానికి ఉత్తరానికి వెళ్లాం. ఆయన నడిపేవాడు. తక్కిన పనంతా నాది.

ఆపూల్స్ పోయి పద్నాలుగు నెలలైంది. బృందం పెద్ద హెనీ మంచివాడే. మా ఇంటికొచ్చి, వాళ్ల బండిలో నాకోసం ఒక మంచం ఖాళీ చేశామనీ, ట్రూయీని తన బావమరిది ఫ్రిక్కీ తీసుకుంటాడనీ చెప్పాడు. కొత్త జంటలకు లాగే ఒంటరిగా వచ్చేవాళ్లకూ గుడ్డు పరీక్ష ఉందని గుర్తు చేశాడు. నాకు తెలియనిదా. రెండేళ్ల క్రితం ఊమ్, అంటే బాబాయి, అని అందరూ పిలిచే జానెవారీ ఆ పరీక్షలో ఓడిపోవడం నేను చూశాను. భార్య పోయాక ఆయన ఒక్కడే బండి తెచ్చాడు. గుడ్డు దొర్లి నేల మీద పగిలింది. తన కళ్లు పోయాయనీ, మట్టం తెలియడం లేదనీ అనుకుని, బండిని షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశాడు. అప్పటినుంచి హెనీ బండిలో వెనక సీట్లో కూర్చుని వస్తున్నాడు. కిటికీలోంచి పూల వైపు చూడడు. రోడ్డు వైపు చూస్తాడు.

నేను వెనక సీట్లో కూర్చోనని హెనీకి చెప్పాను. పరీక్షకు నిలబడతాను, ఓడిపోతే ట్రూయీ ఫ్రిక్కీదే అన్నాను. అందుకే ఆ కొలతలు.

లైసెన్సు కోసం ముందు చదవడం నేర్చుకోవలసి వచ్చింది. చర్చి హాల్లో సాయంత్రం తరగతులకు ఎనిమిది నెలలు వెళ్లాను. రోడ్డు నియమాల పుస్తకం తరవాత నేను చదివినది మా బృందం నియమాల కాగితం. ఇరవై ఏళ్లుగా అందరి నోటా విన్నదే, చదివినవాళ్లు మాత్రం తక్కువ. వేలు పెట్టి ఒక్కో మాటే చదివాను. బండిని ఎవరి సాయమూ లేకుండా వాలు నేల మీద నిలపాలి. ముగ్గురు పెద్దలు లోపలికొచ్చి తలుపు వైపు బల్ల మీద కూర్చుంటారు. భార్యాభర్తలు ఎదుటి బల్ల మీద కూర్చుంటారు. టేబుల్ మీద పచ్చి గుడ్డు పడుకోబెడతారు. స్టవ్ మీద కాఫీ పొంగేదాకా గుడ్డు అంచు దాకా దొర్లకూడదు. బండి వాలితే మా బండ్లలోని గ్యాసు ఫ్రిజ్‌లు చల్లబడవు, మాంసం పాడవుతుంది. పరీక్ష పుట్టింది అందుకే.

రెండోసారి చదివినప్పుడు ఎదుటి బల్ల దగ్గర నా వేలు ఆగింది.

మర్నాడు మా పక్కింటి డోరీని, చర్చిలో నాతో పాడే మరో ఇద్దరు ఆడవాళ్లను ట్రూయీలోకి పిలిచాను. టేబుల్ మీద నీలం అంచున్న ఎనామిల్ పళ్లెం పెట్టి, పాలు కలపని కాఫీ పోశాను. ఆపూల్స్ మట్టం చూసే పద్ధతి అదే. తెల్లటి పళ్లెంలో నల్లటి కాఫీ, నీలం గీత చుట్టూ సమంగా ఉంటే బండి సమంగా ఉన్నట్టు. ముగ్గురినీ తలుపు వైపు బల్ల మీద కూర్చోమన్నాను. కాఫీ వాళ్ల వైపు జరిగింది. వాళ్లు కూర్చుని ఉండగానే, చక్రాల కింద చెక్కలు పెట్టి కాఫీని నీలం గీతకు తెచ్చాను. తరవాత వాళ్లను దిగిపొమ్మన్నాను. కాఫీ ఎదుటి బల్ల వైపు జరిగి, పళ్లెం అంచున పెచ్చు ఊడిన చోట ఆగింది.

ఎందుకు ఎక్కించావు, ఎందుకు దించావు అని డోరీ సణిగింది. చెప్పాను. అప్పుడు తన నడుము మీద రెండు చేతులూ వేసుకుంది.

"అయితే భయపడకు. మా ముగ్గురి ముందు ఆ మగాళ్లెంత?"

భయం ఉంది. పరీక్షకు కూర్చునే పెద్దలు ముగ్గురిలో ఫ్రిక్కీ ఇద్దరి బరువు. ఊమ్ జానెవారీ ఈ మధ్య చిక్కిపోయాడు. హెనీ ఎప్పుడూ ఒకే తీరు. ఇరవై ఏళ్లు ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లకు కాఫీ పోసింది నేనే కాబట్టి, ఎవరు కూర్చుంటే బండి ఎంత దిగుతుందో నా మోకాళ్లకు తెలుసు. ముగ్గురినీ కలిపితే డోరీ వాళ్లకు ఒక పిండి బస్తా అటో ఇటో.

బయలుదేరిన రోజు పదకొండు బండ్లలో నాది ఆఖరుది. స్టీరింగ్‌కు బట్టల క్లిప్పులు ఐదు పెట్టుకున్నాను. ఎరుపు కరెంటు వైరుది, నీలం నీళ్ల మూతది, పసుపు గ్యాసుది, ఆకుపచ్చ తలుపు దగ్గర మెట్టుది, తెలుపు పైకప్పు కిటికీది. ఒక్కో పని ముగించి ఒక్కో క్లిప్పు తీసి జేబులో వేసుకుంటాను. స్టీరింగ్ బోడిగా కనిపిస్తేనే తాళం తిప్పుతాను. చదవడం రాని రోజుల్లో ఆపూల్స్ నాకోసం పెట్టిన పద్ధతి. ఇప్పుడు చదవడం వచ్చినా మార్చలేదు. ఫ్రిక్కీ అది చూసి, బట్టలు ఆరేయడానికి వేరే చోటు దొరకలేదా ఆంటీ అని నవ్వాడు. అతని దగ్గర ముప్పై పనుల జాబితా ఉంది, ప్లాస్టిక్ తొడుగు వేసినది. అది ఎక్కడ పెట్టాడో బయలుదేరే ముందు పావుగంట వెతికాడు.

దారంతా నా బండి ఇంజను ఒక్కటే నాతో మాట్లాడింది. గ్లాసులకు, సీసాలకు ఆపూల్స్ పాత మేజోళ్లు తొడిగాను, ఒక్కటీ గలగలమనలేదు. మూత బిగించిన బకెట్లో సబ్బునీళ్లు, మురికి బట్టలు వేసి స్నానాల గదిలో కట్టేశాను. గారీస్ ఊరు దాటాక గతుకుల రోడ్డు వాటిని నాకంటే బాగా ఉతికింది.

మధ్యాహ్నం ఒక రైతు పొలానికి చేరాం. ఎండ బాగా కాస్తోంది కాబట్టి పూలన్నీ విచ్చుకుని ఉన్నాయి, వాలంతా నారింజ రంగు. అందరూ ముందే చదునైన చోట్లు చూసుకున్నారు. నాకు మిగిల్చింది తలుపు వైపు పల్లంగా దిగే చోటు. పరీక్ష కదా, అలాగే ఉంటుంది. ఆడవాళ్లు నిప్పులు రాజేస్తూ రొట్టెల పిండి ముద్దలు చేస్తున్నారు. మగవాళ్లు మడత కుర్చీలు వేసుకుని నావైపు తిప్పుకున్నారు.

ముందు కిందికి దిగి నేల చూశాను. ఇసుక నింపిన రెండు పాల డబ్బాల్లో చీపురు కర్రలు గుచ్చి, వాటికి ఎర్ర గుడ్డలు కట్టి, బండి వెనక మూలలు ఎక్కడ ఆగాలో అక్కడ పెట్టాను. వెనక్కి నడిపేటప్పుడు ఎవరో చేతులూపి చెప్పనక్కర్లేదు. రెండు అద్దాల్లోనూ రెండు ఎర్ర గుడ్డలు కనిపిస్తే చాలు. తలుపు దక్షిణానికి వచ్చింది. మా వైపు ఎండ ఉత్తరం నుంచి కాస్తుంది కాబట్టి తలుపు దగ్గర నిలబడి చూస్తే అది వీపు మీద ఉంటుంది, పూల మొహాలు మనవైపు ఉంటాయి. గాలి కూడా తగలదు. కుర్చీల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

పళ్లెం పెట్టి కాఫీ పోసి చూశాను. బాగా పల్లానికి పోయింది. రైలు పట్టాల కింది చెక్కతో ఆపూల్స్ చేసిన మెట్ల దిమ్మలు రెండు తీసి, తలుపు వైపు రెండు చక్రాల ముందూ పెట్టాను. ముందు దిమ్మ మొదటి మెట్టు మీద ఒక ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా, రెండో మెట్టు మీద ఇంకొకటి పెట్టాను. ఒక్కరే నడిపితే చక్రం ఏ మెట్టు మీద ఉందో కనిపించదు. డబ్బా నలిగితే వినిపిస్తుంది.

స్టీరింగ్ దగ్గర కూర్చుని నెమ్మదిగా ముందుకు పోనిచ్చాను. మొదటి డబ్బా నలిగింది.

బండి చదునుగా నిలబడిందని బయట అందరికీ కనిపిస్తోంది. హెనీ తల ఊపడం అద్దంలో చూశాను. ఇక్కడ ఆగిపోతే వాళ్లందరూ నన్ను మెచ్చుకునేవారు, గుడ్డు పగిలేదాకా.

మళ్లీ ముందుకు పోనిచ్చాను. రెండో డబ్బా నలిగింది. ట్రూయీ తలుపు వైపు పైకి లేచి, అవతలి వైపుకు వాలింది. కుర్చీల్లో నవ్వు మొదలైంది. ఫ్రిక్కీ లేచి నిలబడి చూశాడు.

"ఆంటీ, ఎక్కువైపోయింది. బండి వాలింది. మీకు తెలీడం లేదా?"

సాయం చేయకూడదని హెనీ అతన్ని కూర్చోబెట్టాడు. నేను లోపలికెళ్లి పళ్లెం చూశాను. కాఫీ పెచ్చు ఊడిన చోటికి వెంట్రుకవాసి తేడా లేకుండా తగిలింది. పళ్లెం తీసేసి టేబుల్ తుడిచాను. గ్యాస్ బండ మీద ఫ్లాస్కులోని వేడినీళ్లు పోసి చేత్తో తడిమాను. సగం దాకా చల్లగా ఉంది, సగం దాకా గ్యాసుంది. స్టవ్ వెలిగించి కాఫీ కెటిల్ ఎక్కించి, రమ్మని పిలిచాను.

హెనీ ముందు ఎక్కాడు. కూర్చోబోతూ వాలిన నేల చూసి, నా మొహం చూశాడు.

"ఆంటీ, ఇంకోసారి నిలుపుకుంటారా? నేనేం అనుకోను."

వద్దన్నాను. అతను కూర్చున్నాడు. ఊమ్ జానెవారీ వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఆఖరున ఫ్రిక్కీ ఎక్కాడు, మెట్టు మూలిగింది. అతను బల్ల మీద కూలబడగానే ట్రూయీ నిట్టూర్చినట్టు దిగింది. ఎదుటి బల్ల మీద ఎవరూ లేరు. నేను కూడా కూర్చోలేదు, స్టవ్ దగ్గర నిలబడ్డాను, సరిగ్గా బండి మధ్యలో.

గుడ్డు తీసి టేబుల్ మీద పడుకోబెట్టి చెయ్యి తీశాను.

గుడ్డు ఒకసారి ఇటు కదిలింది, ఒకసారి అటు కదిలింది. ఆగింది.

కెటిల్‌లో నీళ్లు ఇంకా చప్పుడు చేయడం లేదు. ఫ్రిక్కీ కాళ్లు మార్చుకున్నాడు, గుడ్డు వణికింది గానీ దొర్లలేదు. మోచెయ్యి టేబుల్ మీద పెట్టబోతే హెనీ దాన్ని పట్టుకుని కిందికి దించాడు. ఊమ్ జానెవారీ గుడ్డును చూడటం లేదు. ఎదుటి బల్లను చూస్తున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు.

కాఫీ పొంగింది. స్టవ్ కట్టేశాను.

హెనీ గుడ్డును చేతిలోకి తీసుకుని, ఉడికించిందేమో అని చెవి దగ్గర ఊపి చూశాడు. పచ్చిదే. నాకు తిరిగి ఇచ్చి, రేపు మా బృందానికి ముందు నడిచే బండి ట్రూయీ అన్నాడు. పరీక్ష నెగ్గినవాళ్లకు ఇచ్చే మర్యాద అది. కిందనుంచి ఆడవాళ్లు గిన్నెల మీద గరిటెలతో వాయించారు.

ఫ్రిక్కీకి మాత్రం మింగుడు పడలేదు. బండి వాలి ఉండటం తన కళ్లతో చూశానన్నాడు.

"చూశావు," అన్నాను. "నువ్వు ఎక్కకముందు చూశావు."

ఊమ్ జానెవారీ లేచి ఎదుటి బల్ల మీద అరచెయ్యి వేశాడు.

"నాకూ అంతేనా? ముగ్గురు పెద్దలు ఇటు. అటు నా పక్కన ఎవరూ లేరు."

"అంతే, ఊమ్. ఆ ఖాళీకి కూడా బరువు లెక్క కట్టాలి. మీరు కట్టలేదు. నాకూ కాగితం చదివితేనే తట్టింది."

"అంటే నా కళ్లు బాగానే ఉన్నాయి."

"నా కళ్ల కంటే బాగున్నాయి."

ఆయన టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. షెడ్డులో తన బండి మీద కోళ్లు గుడ్లు పెడుతున్నాయనీ, వాటికి వేరే చోటు చూడాలనీ అన్నాడు. ఆ గుడ్డును నెయ్యిలో వేయించి, నిప్పుల మీద కాల్చిన రొట్టెలో పెట్టి ఆయనకే ఇచ్చాను. బయటికెళ్లి, మెట్టు మీద కూర్చుని, పూలను చూస్తూ తిన్నాడు.

సాయంత్రం ఫ్రిక్కీ భార్య ఒక పొట్లం తెచ్చింది. నీలం మీద తెల్ల చుక్కలు. కుట్టడం కూడా అయిపోయింది, తమ బండి కిటికీలకు సరిపోవు, ఏం చేసుకుంటానంది. ఫ్రిక్కీ కొలతల్లో తప్పు లేదు. ఆరు కిటికీలకూ ఆరు సరిగ్గా పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే ఒక్కో పని ముగించి ఒక్కో క్లిప్పు జేబులో వేసుకున్నాను. స్టీరింగ్ బోడిగా అయింది. తాళం తిప్పి, పది బండ్లకు ముందు రోడ్డెక్కాను. వంద గజాలు పోయాక అద్దంలో చూస్తే, నా వెనకే హెనీ బండి వస్తోంది, దాని వెనక పసుపు రంగు తోక ఒకటి దుమ్ములో ఎగురుతోంది. రైతు షెడ్డు నుంచి తీసుకుని, బయలుదేరే ముందు విప్పడం మరిచిన కరెంటు వైరు. ముప్పై పనుల జాబితా హెనీ దగ్గరా ఉంది.

ట్రూయీని ఆపాను. వెనక పది బండ్లూ ఆగాయి. దిగి, నడుచుకుంటూ వెళ్లి, హెనీ కిటికీలోంచి జేబులోని ఐదు క్లిప్పులూ అతని చేతిలో పోశాను.

"ఎరుపు కరెంటు వైరుది," అన్నాను.