చెయ్యెత్తి నిలబడ్డ మనిషి

పొద్దున్నే తలుపు తీయగానే రైటరమ్మ చేసే మొదటి పని తల వంచడం. వంచకపోతే గుమ్మం ముందు నిలబడ్డ మనిషి చెయ్యి నుదుటికి తగులుతుంది. ఆ చేతి కింద నుంచి దూరి బయటపడి, తాళం వేసి, "సారీ అండీ, ఇవాళ కూడా కుదిరేలా లేదు," అని గబగబా మెట్లు దిగిపోతుంది.

ఆవిడ పని పార్సిళ్ళ ఆఫీసులో ఫోన్లు ఎత్తడం. నా పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందని జనం అడుగుతారు, దారిలో ఉందండీ అని ఈవిడ చెబుతుంది. ఒంటరి మనిషి. తీరిక దొరికినప్పుడు కథలు రాస్తుంది, అందుకే ఆ బిల్డింగులో అందరికీ రైటరమ్మ అయింది. చలికాలంలో ఒక కథ మొదలుపెట్టింది. అందులో ముదురాకుపచ్చ ఉన్ని స్వెటర్ వేసుకున్న ఒకాయన, ఏళ్ళ తర్వాత పాత స్నేహితురాలిని వెతుక్కుంటూ వచ్చి, తలుపు కొట్టబోతూ చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఇద్దరు మానేశారు. వాళ్ళ పనీ ఈవిడ నెత్తినే పడింది. చెయ్యెత్తినవాణ్ణి చెయ్యెత్తినచోటే వదిలేసింది. మర్నాడు చూస్తే ఆ కథలోని మనిషే తన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పై అంతస్తు ముసలాయన వానొచ్చిన రోజుల్లో తడి గొడుగు ఆయన చేతికి తగిలించి పోయేవాడు. మెట్లు ఊడ్చే ఆవిడ, "కాస్త కాలెత్తు నాయనా," అని మాటవరసకు అని, ఆయన చుట్టూ ఊడ్చుకుంటూ వెళ్ళిపోయేది.

చిక్కల్లా ఎండలతో వచ్చింది. పూలకాలం చివరికొచ్చేసింది. చెట్ల కింద పూలు రాలి వాడిపోతున్నాయి, గాలి బిగదీసుకుపోయింది, మధ్యాహ్నానికే గోడలు సెగలు కక్కుతున్నాయి. ఆయన ఒంటి మీదేమో అదే ఉన్ని స్వెటర్. పాపం, చెమట ధారలు కట్టేది. ఎదురింటి కత్తెర తడిగుడ్డతో మెడా మొహమూ తుడిచి, గ్లాసు నోటికి అందించేది. ఆయన కళ్ళతోనే దణ్ణం పెట్టేవాడు.

కత్తెర అంటే రైటరమ్మ స్నేహితురాలు. బట్టలు కుడుతుంది కాబట్టి కొంతా, నోరు పదునైంది కాబట్టి ఇంకొంతా ఆ పేరు వచ్చింది. సాయంత్రాలు ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టీ తాగుతారు. ఈ మధ్య అదీ వారానికోసారే.

"ఏం ఎండలే తల్లీ! వేసవి ఇంకా రానేలేదు, అప్పుడే మిషను మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది," అంది కత్తెర ఆ సాయంత్రం.

"మా ఆఫీసులో ఫ్యాను తిరుగుతోందో లేదో తలెత్తి చూసే తీరిక కూడా లేదు."

"నీ తీరిక తగలెయ్య! ముందు ఆయన సంగతి చూడవే. నిన్న స్వెటర్ చేతులు కత్తిరించి పారేశా. పొద్దున్నకల్లా ఎక్కడివక్కడే అతుక్కున్నాయి. అంత గట్టి కుట్టు నేనే ఎప్పుడూ వెయ్యలేదు."

"రాసింది విప్పాలంటే రాసినవాళ్ళే విప్పాలి."

"ఐతే విప్పు! ముగింపు తట్టలేదా ఏంటి?"

"ఎప్పుడో తట్టింది. తలుపు కొడతాడు. తలుపు తెరుచుకోదు. మెట్లు దిగి వెళ్ళిపోతాడు."

కత్తెర టీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "అయ్యో రామ! ఇన్నాళ్ళు నిలబెట్టి, చివరికి ఇదా? మీ రాసేవాళ్ళకి తలుపులు మూయడమంటే అంత సరదా ఏంటే? పోనీ, అసలు ఎవరి తలుపది?"

"కథలో స్నేహితురాలిది."

"ఆహా! నీ గుమ్మం ముందు నిలబెట్టుకుని ఎవరిదో అంటావేం?"

రైటరమ్మ ఖాళీ గ్లాసు మెట్టు మీద పెట్టింది. కత్తెర గొంతు తగ్గించింది. "అక్క మళ్ళీ ఫోన్ చేసింది. వాళ్ళింట్లో గది ఖాళీగానే ఉందిట. ఆదివారం బావ వ్యాను పంపిస్తానన్నాడు. వెళ్ళిపోతానే. ఇక్కడ నాకెవరున్నారు? నా తలుపు కొట్టేది జిప్పులు ఊడినవాళ్ళే."

నేను లేనా అనబోయి రైటరమ్మ ఆగిపోయింది. వారానికోసారి టీ తాగే మనిషికి ఆ మాట అనే మొహం ఎక్కడిది? కత్తెర లేని ఈ మెట్లు తలుచుకుంటేనే గుబులేసింది.

"నేను పోయేలోపు ఆయన చెయ్యి దించెయ్యవే," అంది కత్తెర. "అలా వదిలేసి పోతే అక్కడ నాకు నిద్ర పట్టదు."

మర్నాడు ఆఫీసులో, భోజనం మానుకుని మరీ, రైటరమ్మ కాగితం ముందేసుకుంది. స్వెటర్ విప్పి చంకలో పెట్టుకున్నాడు, అని రాసింది. హమ్మయ్య అనిపించింది. తలుపు కొట్టి చెయ్యి దించాడు, అని రాసింది. ఆ తర్వాత కలం కదల్లేదు. తెరుచుకుంది అని రాయాలని ఎంత ఉన్నా, ఏళ్ళతరబడి మూసి ఉన్న తలుపు అలా ఊరికే తెరుచుకుంటుందంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. తలుపు తెరుచుకోలేదు, అని రాసేసింది. ఇక మెట్లు దించడమే మిగిలింది. ఇంతలో ఫోన్ మోగింది.

ఎవరో పెద్దావిడ కళ్ళజోడు పార్సిల్ వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆవిడ ఏడుస్తోంది. దాని వెనకాలే ఇంకో ఫోను, ఆ వెనక ఇంకోటి. మళ్ళీ కథ గుర్తొచ్చేసరికి రైటరమ్మ ఇంటికి పోయే బస్సులో ఉంది. నిన్నటిదాకా ఆ మనిషికి కొట్టబోతున్నానన్న ఆశైనా ఉండేది. ఇప్పుడు మూసిన తలుపు ముందు వదిలేసింది. బస్సు దిగి పరుగులాంటి నడకతో వచ్చి, రొప్పుతూ మెట్లెక్కింది.

గుమ్మం ముందు ఎవరూ లేరు. మెట్ల కమ్మీ మీద ఆకుపచ్చ స్వెటర్ ఆరేసి ఉంది.

ఎదురింటి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల, సర్దిపెట్టిన ట్రంకుపెట్టె మీద ఆయన కూర్చుని, కత్తెర కత్తిరిస్తున్న గుడ్డకి ఒక కొస పట్టుకుని ఉన్నాడు. రెండో చేత్తో భుజం నొక్కుకుంటున్నాడు.

"వచ్చావా మహాతల్లీ!" అంది కత్తెర. "నీ తలుపు ఎంతసేపు కొట్టాడో తెలుసా? తాళం వేసిన తలుపు ఎలా తెరుచుకుంటుంది? నాకిక పని సాగితేగా! బయటికొచ్చి, ఆవిడ చీకటి పడితేగానీ రాదండీ, లోపల కూర్చోండి, అన్నా. వచ్చాడు."

"నీ తలుపు సంగతి నేను రాయలేదే..."

"రాయలేదుగా. అందుకే నేను తీశా."

ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు. "ఎవరి కోసం వచ్చానో గుర్తు రావట్లేదండీ. మెడ మీద చెమట తుడిచిన చెయ్యి మాత్రం గుర్తుంది."

కత్తెర మొహం ఎర్రబడింది. అది దాచుకోడానికి రైటరమ్మ మీద విరుచుకుపడింది. "ఆయనకి ఒక్కటంటే ఒక్కటే చొక్కా రాశావేంటే? ఇప్పుడు నేనే కుట్టాలి. బావకి ఫోన్ చేసి వ్యాను వద్దని చెప్పేశా."

రైటరమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కత్తెర పోవట్లేదు, అంతకంటే ఏం కావాలి! అయినా తన గది తాళం తీస్తుంటే లోపల ఎక్కడో కలుక్కుమంది. ఇన్నాళ్ళూ ఆయన కొట్టాలని నిలబడింది తన తలుపే. ఎవరిదో అని తప్పించుకుంది తనే. తీరా కొట్టిన రోజున దారిలో ఉందండీ అని ఎవరికో చెబుతూ కూర్చుంది.

ఎదురింట్లో మిషను టకటకలాడుతోంది, మధ్యమధ్య కత్తెర నవ్వు. రైటరమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి, రేపు రానని చెప్పింది. అవతలివాళ్ళు కారణం అడిగితే, ఎవరో రావచ్చు అంది. కొత్త కాగితం తీసి, ఈసారి వచ్చేవాడికి పల్చటి నూలు చొక్కా వేసింది. వాడు ఇంకా మొదటి మెట్టు మీద ఉండగానే లేచి వెళ్ళి, తన గది తలుపు బార్లా తెరిచి వచ్చి కూర్చుంది.