అయిదేళ్లకు పలికే బోరు

రోజూ పొద్దుగూకే వేళకు తిప్పేస్వామి ఇంటికొచ్చి గడప బయటే నిలబడి నోరు తెరుస్తాడు. భార్య భారతి చేతిలో పని ఆపి వచ్చి, మునివేళ్ల మీద లేచి అతని నోటి వాసన చూస్తుంది. ఏమీ లేదని తేలాక పక్కకు తప్పుకుంటుంది. అప్పుడతను కాళ్లు కడుక్కుని లోపలికి పోతాడు, ఆమె సంగటి పెడుతుంది. అనంతపురంలో తాగుడు మాన్పించే ఆస్పత్రి నుంచి అతను వచ్చి ఏడు నెలలు. ఒక్క సాయంత్రమైనా ఈ తతంగం తప్పలేదు. ఇంకొక్కసారి వాసన తగిలితే కూతుర్ని తీసుకుని కణేకల్‌లో పుట్టింటికి పోతానని, మళ్లీ రానని ఆమె ముందే చెప్పింది. చెప్పింది చేసే మనిషి. బట్టలు మూటగట్టి సంచిలో పెట్టి, దండెం కింద సిద్ధంగా ఉంచుకుంది కూడా.

మారెమ్మ జాతర, వాళ్ల మాటలో దేవర, దగ్గరపడే కొద్దీ తిప్పేస్వామి ఆ సంచి వైపు చూడకుండా ముఖం తిప్పుకునేవాడు.

గుమ్మఘట్ట దగ్గరున్న వాళ్ల ఊళ్లో దేవర అయిదేళ్లకొకసారి, ఉగాది దాటిన మూడో మంగళవారం. ఇంటికో పొట్టేలు, ఇంటినిండా చుట్టాలు, అరుగు అరుగుకూ సీసాలు. అంతవరకే అయితే అతను ఏ పామిడికో పోయి ఆ రోజుకు తలదాచుకునేవాడే. కానీ పొట్టేలు కొట్టే ప్రతి ఇల్లూ అమ్మవారి ముందు సారాయి ధార పోయాలి. దాన్ని సాక అంటారు. సీసాలో సగం అమ్మవారికి. మిగిలిన సగం ఆ ఇంటి మగవాడు పొద్దుగూకేలోపల తాగాలి. ఇంకొకరికి ఇవ్వకూడదు, నేల మీద పారబోయకూడదు. పారబోస్తే అమ్మవారిని ఇంట్లోంచి గెంటేసినట్టే. మీకు చుక్కైనా సీసా అయినా ఒకటేనని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పి పంపింది. ఆ సంగతి మారెమ్మకు ఎవరు చెప్పాలి?

దేవరనాడు గుడి ముందు తిప్పేస్వామి చేత సాక పోయించింది చిన్నాయన గురప్ప. చెడ్డవాడేమీ కాదు. తిప్పేస్వామిని ఆస్పత్రికి బస్సెక్కించింది ఆయనే. కానీ మూడేళ్లుగా వాన లేదు, వేరుశనగ నేలలోకి ఊడ దిగకముందే మాడిపోతోంది, ఆయనకు భయం పట్టుకుంది. తిప్పేస్వామి చేతులు కట్టుకుని, నాకొద్దు చిన్నాయనా అన్నాడు.

"ఇది తాగుడు గాదురా, తీర్తము," అన్నాడు గురప్ప, సగం మిగిలిన సీసా అతని నడుము దగ్గర పంచెలో దోపుతూ. "నువ్వు తాగకుంటే, వాన రాకపోయేది మీ ఇంటివల్లే అంటారు ఊర్లో. ఒగ గుక్కే గదప్పా."

జనమంతా చూస్తున్నారు. ఆడవాళ్ల మధ్య నుంచి భారతి కూడా చూసింది. కూతురి చెయ్యి పట్టుకుని ఇంటి వైపు నడిచింది. ఆ నడక చూడగానే అతనికి అర్థమైపోయింది, సంచి తీయడానికే పోతోందని.

అతను చేలోకి పోయాడు, బోరు దగ్గరికి. తాగే రోజుల్లో అతని చోటు అదే.

ఆరేళ్ల కిందట వేసిన బోరు. ఆరువందల అడుగులు పోయినా దుమ్మే వచ్చింది. అతని తాగుడు మొదలైంది ఆ దుమ్ముతోనే. నీళ్లు లేకపోయినా, దాని దగ్గర ఆడిన మాట మాత్రం ఎక్కడికీ పోదు. అయిదేళ్లు లోపల దాచుకుని, మళ్లీ అదే దినానికి, అదే వేళకు వదులుతుంది. దేవరనాటి మాటైతే దేవరనాడే. పోయిన ఏడాది మొదటిసారి బోరు లారీ మేస్త్రీ గొంతు పలికింది, "ఈడ నీళ్లు ల్యావప్పా, ఎత్తేయండి" అని. ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. గుట్టు మాటలున్నవాళ్లు బోరు పక్కన గట్టు మీద కూర్చోవడం మానేశారు, అంతే. పొరుగు చేని జయరాం, తాను పెళ్లాన్ని తిట్టిన తిట్లు బయటికొచ్చే రోజు లెక్కబెట్టుకుని ఆమెను సంతకు తీసుకుపోయాడు.

తిప్పేస్వామి అలవాటు కొద్దీ బోరు మీది బండ జరిపి, పక్కన కూలబడి సీసా మూత తిప్పాడు. వాసన తగలగానే నోట్లో నీళ్లూరాయి. తాగితే ఆమె పోతుంది. తాగకపోయినా నమ్మదు, సీసా నడుముకెక్కడం కళ్లారా చూసింది, పోతుంది. ఇంక ఎవరి కోసం ఈ ఉపవాసం? సీసా పెదవుల దాకా వచ్చింది.

అప్పుడు బోరులోంచి వాళ్లమ్మ పలికింది.

తల్లి ఆంజినమ్మ కిందటి దేవర తర్వాత మూడు నెలలకే చనిపోయింది. ఆ దేవరనాడు తానెక్కడున్నాడో అతనికి ఇప్పటికీ గుర్తు లేదు.

"తల్లీ మారెమ్మా," అంటోంది ఆమె, ఏడుపు కూడా అయిపోయిన గొంతుతో. "ఆ పిల్ల, బిడ్డ ఎట్ల బతకల్ల? వాన్ని తీసకపో తల్లీ. నా కొడుకే. కన్నదాన్ని, నేనే అడుగుతాండా. తీసకపో."

కన్నతల్లి తన చావు కోరింది. అతనికి కోపం రాలేదు. ఆ మాట నోటికి రావడానికి ఆమె ఎన్నాళ్లు కుమిలిందో అనిపించింది. బండతో బోరు మూసేయబోయాడు. అంతలో ఇంకో గొంతు వచ్చింది, నాలుక మడతపడుతూ. అది తనదే. ఆ రోజు ఆమె పక్కనే, ఈ గట్టు మీదే పడి ఉన్నాడు.

"సస్తాలేమ్మా," అంది ఆ గొంతు, నవ్వుతూ. "రేపు సస్తా. ఈ పొద్దుకు ఇంగొగ క్వాటరు తెప్పీ."

ఆమె కొంగు దులిపిన చప్పుడు, అడుగులు దూరమైన చప్పుడు వినిపించాయి. ఆ జవాబు మోసుకునే కన్నుమూసింది ఆమె. తిప్పేస్వామి గట్టు మీద బోర్లాపడి ఏడ్చాడు. ఎంత ఏడ్చినా అన్న మాట వెనక్కి రాదని అతనికి తెలుసు.

పొద్దు వాలింది. తాగలేడు, నేల మీద పోయలేడు. చివరికి సీసా బోరులోకి వంపేశాడు. తొందరలో సగం వేళ్ల మీద, చొక్కా మీద పడింది. పాపం ఏదన్నా ఉంటే తనకే తగలనీ అనుకున్నాడు. బోరు నోటికి ముఖం ఆనించి, "అమ్మా, ఈ పొద్దు నేను తాగల్యా," అన్నాడు.

ఇంటి దగ్గర భారతి సంచి భుజాన వేసుకుని, కూతురితో గడప బయట నిలబడి ఉంది. అతను నోరు తెరవకముందే చొక్కా వాసన ఆమెకు చేరింది. అతను జరిగినదంతా చెప్పాడు. అమ్మ అడిగింది, తాను అన్నది, ఏదీ దాచలేదు.

"నాకు తెలుసు," అంది భారతి. "అత్త పొయ్యేముందు చెప్పింది. ఇంటే ఇంగా తాగుతావని నేనే చెప్పల్యా."

అయిదేళ్లుగా ఆ మాట తెలిసే ఈమె తనకు సంగటి పెడుతోంది. తిప్పేస్వామి తల ఎత్తలేకపోయాడు. సారాయి పోసిన చప్పుడు, తాగలేదని తానన్న మాట అన్నీ బోరులో ఉన్నాయని, అదే సాక్ష్యం చెబుతుందని గొణిగాడు.

"ఎప్పుడు చెప్తాది?"

"మళ్లా దేవరకు."

"అయిదేండ్లు ఉండల్నా నేను, ఆ మాట ఇనేదానికి?"

ఉండమని అడిగే ముఖం అతనికి లేదు. రోడ్డు మీద కణేకల్ బస్సు హారన్ కొట్టింది. భారతి మునివేళ్ల మీద లేచి అతని నోటి వాసన చూసింది, చాలాసేపు. ఏది నోటిదో ఏది చొక్కాదో ఆమెకు తేలలేదు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది.

ఆమె లోపలికి పోయి సంచిని దండెం కింద, దాని చోట్లోనే పెట్టింది. ముడి విప్పలేదు.

"చొక్కా ఇప్పేసి కాళ్లు కడుక్కో పో," అంది.